వల్ద్ ఐలయ్య

శుక్రవారం పొద్దు పొడిచేలోగా కొండల్ చేయవలసిన పనులు ఇవి. గడికి పోయి దొరను ఒక్కరోజు సెలవు అడగాలి. ఆ రోజు వెట్టి వంతుకు గూడెంలో ఎవరినైనా ఒప్పించాలి. దొర గుర్రానికి రెండు మోపుల పచ్చిగడ్డి ముందే కోసి పడేయాలి. మడమ పగుళ్లకు ఆముదం, మైనం కలిపి కాచి పెట్టుకోవాలి. రోజూ తెల్లవారుజామున గగన్‌పహాడ్ దాకా పరిగెత్తి రావాలి. గురువారం సాయంత్రం పట్నం రైలు వేళకు శంషాబాద్ పక్కనున్న ఉందానగర్ స్టేషనులో ఉండాలి. అన్నిటికంటే ముందు అవ్వకు చెప్పాలి.

అవ్వకు చెప్పటానికే సోమవారమంతా పట్టింది.

సందెవేళ రేణుకమ్మ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతున్నది. చేట ఎగరేసినప్పుడల్లా పొట్టు గాలికి పోయి గింజ వెనక్కి పడుతున్నది. కొండల్ గడపమీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. పట్నంలో ఒక క్లబ్బువాళ్లు ఇరవై ఆరు మైళ్ల పందెం పెట్టారు. పట్నం మైదానంలో మొదలుపెట్టి శంషాబాద్ దాకా వచ్చి, మళ్లీ మైదానానికి పోవాలి. మిషను బడి పంతులు తన పేరు రాయించాడు.

రేణుకమ్మ చేట ఆపలేదు.

"ఉరికి ఉరికే మీ బాపు పాయె. ఇగ నువ్వు ఉత్త పుణ్యానికి ఉరుకుతవా?"

"ఉత్తగ గాదవ్వా. శంషాబాద్‌ల మలుపు కాడ పేరు పిలుస్తరు. బాపు పేరు గూడ."

సర్కారు కాగితాల్లో మనిషి పేరు పక్కన తండ్రి పేరు రాస్తారు, మధ్యన 'వల్ద్' అని పెడతారు, అంటే ఫలానావాడి కొడుకు అని, అంటూ పంతులు చెప్పిందంతా చెప్పాడు. పందెం కాగితంలో తన పేరు 'కొండల్ వల్ద్ ఐలయ్య' అని ఉంది. పదిహేడో నంబరు.

రేణుకమ్మకు ఆ పేరు విని చాలా రోజులైంది. బతికినన్నాళ్లూ ఊరివాళ్లకు ఆయన ఐలిగాడు. దొర బగ్గీ ముందు పరిగెత్తే వెట్టివాడు. చచ్చిన తరువాత పోలీసు పటేలు రాసిన పంచనామాలో ఒక తాగుబోతు. కల్లు ఎక్కువై, ఎండకు తూలి, బాట మీద పడి చచ్చాడని రాశారు. కల్లు వాసన పడక, కల్లు అమ్మే మండువ ముందునుంచి పోకుండా చుట్టూ తిరిగి పోయే మనిషి. ఆ రాత మార్చమని రేణుకమ్మ మూడుసార్లు పటేలు వాకిట్లో నిలబడింది. మూడోసారి కుక్కను వదిలారు.

"పెద్ద పెద్దోళ్లు డేరాల కూసుంటరంట. దొర గూడ వస్తడంట," అన్నాడు కొండల్.

ఆమె చేటను ఒళ్లో పెట్టుకున్నది. చాలాసేపు గింజల్లో రాళ్లు ఏరింది.

"ఎంత గట్టిగ పిలుస్తరు?" అని అడిగింది.

"బాకాల పిలుస్తరు."

"అయితే పో," అన్నది.

మంగళవారం తెల్లవారుజామున మంచు ఇంకా విడవకముందే పంతులు యెహోషువ సైకిలు తీసుకుని బాట మీదికి వచ్చాడు. మిషనువాళ్లు ఇచ్చిన పాత గడియారం ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. నలభై ఏళ్ల మనిషి. సన్నగా ఉంటాడు, మాట నెమ్మది. కొండల్ ముందు పరిగెత్తాడు, ఆయన వెనుక సైకిలు తొక్కాడు. గగన్‌పహాడ్ ఇళ్లు కనబడగానే ఆయన దిగి సైకిలుకు స్టాండు వేశాడు.

"కొండల్, మూడు మైళ్లల్ల ముప్పై ఒక్కసారి వెనక్కి చూసినవు. నేను లెక్కపెట్టిన. ఎవరి కోసం చూస్తున్నవు?"

కొండల్‌కు తాను వెనక్కి చూసినట్టే తెలియదు.

ఇంకా రెండు సంగతులు అడిగాడు పంతులు. నడిబాటన మొరం మెత్తగా ఉండగా తుమ్మముళ్లు పడే అంచున ఎందుకు పరిగెత్తుతున్నావన్నాడు. పదకొండో మైలురాయి దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు దాదాపు నడిచావు, అలసిపోయావా అన్నాడు.

"అలసిపోలే సారూ. గుర్రం ఆడ మెల్లగైతది."

తండ్రి పోయిన నాటినుంచి దొర బగ్గీ ముందు పరిగెత్తేది కొండలే. కొండల్ చెప్పుకుంటూ పోయాడు. అతనికి పదమూడో ఏట తండ్రి పక్కన పరిగెత్తించి నేర్పాడు. చెవులు వెనక్కి పెట్టి డెక్కల చప్పుడు వినాలి. బగ్గీకి రెండు వెదురుబొంగుల దూరంలో ఉండాలి. అంతకంటే ముందుకు పోతే, వీడేందిరా తానే దొరైనట్టు పోతున్నడు అంటారు. వెనకబడితే గుర్రానికి ఎత్తిన కొరడా మన వీపుకు తగులుతుంది. నడిబాట బగ్గీది, అంచు మనది. ఎత్తు మీద గుర్రం నెమ్మదిస్తే మనం నెమ్మదించాలి, వాలులో అది దూకితే మనం దూకాలి. ఐలయ్య ఈ విద్యనంతా ఇంత ముద్ద నోట్లో పెట్టినంత ప్రేమగా నేర్పాడు. కొడుక్కు దెబ్బలు తప్పాలని నేర్పాడు.

"ఇయ్యాల నీ వెనక గుర్రం లేదు. సైకిలే ఉన్నది. నడిబాటకు రా," అన్నాడు పంతులు.

కొండల్ నడిబాటన రెండు వందల గజాలు పరిగెత్తాడు. తరువాత చూసుకుంటే మళ్లీ అంచున ఉన్నాడు. మళ్లీ నడిబాటకు వచ్చాడు. ఈసారి వంద గజాలు. మూడోసారి అరికాల్లో ముల్లు దిగి నొప్పి పుడితే గాని అంచుకు వచ్చానని తెలియలేదు. బాట పక్కన కూలబడి ముల్లు పీకి, పిడికిలి బిగించి తన తొడనే గుద్దుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. పంతులు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నా కాళ్లు గావు సారూ ఇవి. గడి కాళ్లు."

పంతులు సైకిలు తిప్పి, "నేను ముందు పోత, నువ్వు నన్ను పట్టుకో," అన్నాడు. ముందు మనిషి ఉంటే వెనక్కి చూసే పని ఉండదని ఆయన ఆలోచన. తిరుగుదారిలో ఆయన నడిబాటన తొక్కాడు. కొండల్ ఆ వెనుక చక్రాన్నే చూస్తూ పరిగెత్తాడు. శంషాబాద్ చేరేసరికి వెనక్కి చూసింది ఆరుసార్లే.

బుధవారం గడ్డిమోపులు గడికి చేర్చాక కొండల్ సెలవు అడగటానికి నిలబడ్డాడు. చెప్పులు దర్వాజా బయట విడిచి, భుజం మీది తువ్వాల నడుముకు చుట్టుకున్నాడు. లోపల గుర్రానికి నాడాలు కొడుతున్నారు. బగ్గీ తోలే చెన్నయ్య దాని ముందరికాలు మడిచి తొడమీద పెట్టుకుని పట్టుకున్నాడు. కమ్మరి డెక్కను కత్తితో చెక్కుతున్నాడు. దొర కుర్చీ వేయించుకుని, గుమాస్తా రామచంద్రయ్యను పక్కన నిలబెట్టుకుని, ఆ పని చూస్తున్నాడు.

కొండల్ నోరు విప్పకముందే దొర నవ్వాడు. సంగతంతా ఆయనకు తెలుసు. క్లబ్బువాళ్లు చిట్టీ పంపారట. శంషాబాద్ డేరాలో నడిమి కుర్చీ ఆయనదేనట. మన గడివాడు పట్నపోళ్లతో సమంగా ఉరుకుతున్నడా అని ఆయనకు సంబరంగా ఉంది. పట్నం సిపాయిలు, కాలేజీ పిల్లలు, అందరి ముందు తన మనిషి. పూలదండ తానే వేస్తానన్నాడు. సెలవు ఇవ్వకుండా ఎట్లా ఉంటాడు?

"మీ అయ్యగూడ మంచిగ ఉరికెటోడుర," అన్నాడు దొర. "కల్లు ఎక్కువై పాయె గాని."

కొండల్ నేల చూశాడు. దర్వాజా బండల సందున చీమలు పోతున్నాయి. వాటిని చూస్తూ ఉండకపోతే తల ఎత్తేవాడు. తల ఎత్తితే ఏం జరిగేదో అతనికే తెలియదు. అప్పుడే చెన్నయ్య చేతిలోంచి గుర్రం కాలు జారింది. కమ్మరి తిట్టాడు. చెన్నయ్య ఏమీ అనకుండా మళ్లీ కాలు మడిచి పట్టుకున్నాడు.

దొర రామచంద్రయ్య వైపు తిరిగి క్లబ్బుకు ఒక చిట్టీ రాయమన్నాడు. పదిహేడో నంబరు మా గడి మనిషి, అట్లనే పిలవాలె అని.

"బాపు పేరు రాసిండ్రు దొరా," అన్నాడు కొండల్.

"రాస్తే కొట్టేస్తరు. వల్ద్ గిల్ద్ ఎందుకుర నీకు? ఐలిగాడెవడో పట్నంల ఎవనికెరుక? నా పేరు చెప్తే నలుగురు చూస్తరు." దొరకు కోపం రాలేదు. అర్థంకాని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "రేపు అత్తాపూర్ పోవాలె. పొద్దుగాల్నే రా. రేపు జర ఉరికినవనుకో, ఎల్లుండికి కాళ్లు సాఫ్‌గైతయి."

సాయంత్రం కొండల్ బడి దగ్గరికి పోయి పంతులుతో ఈ సంగతి చెప్పాడు. పందెం ముందురోజు పదహారు మైళ్లు పరిగెత్తి వస్తే ఇంకేం మిగులుతుందని పంతులు తల పట్టుకున్నాడు. పేరు సంగతి వచ్చేసరికి ఆయన మాట తగ్గింది. క్లబ్బువాళ్లు మార్చకపోవచ్చునన్నాడు. పంతులే గడికి పోయి అడగవచ్చు కానీ, బడి కట్టిన జాగా దొరదే అని కొండల్‌కు తెలుసు, పంతులుకు తెలుసు. కొండల్ అడగలేదు. ఆయనను అడగకుండా వదిలేసినందుకు కూడా అతనికి కోపమే వచ్చింది.

గురువారం బగ్గీ బయలుదేరేసరికి ఎండ ఇంకా పైకి రాలేదు. దొర శాలువా కప్పుకున్నాడు. చెన్నయ్య కళ్లేలు పట్టుకున్నాడు. కొండల్ ముందు, అంచున, రెండు వెదురుబొంగుల దూరంలో. ఎదురొచ్చే ఎడ్లబండ్లను పక్కకు తొలగమని కేకవేయటం కూడా అతని పనే. మూడు బండ్లు తొలగాయి. కూరగాయల గంపలతో పట్నం పోయే ఆడవాళ్లు బాట దిగి నిలబడి, బగ్గీ పోయేదాకా తలలు వంచుకున్నారు.

పదకొండో మైలురాయి దగ్గర ఎత్తు మొదలైంది. గుర్రం నెమ్మదించింది. కొండల్ కాళ్లు వాటంతట అవే నెమ్మదించాయి. రాయి పక్కకు రాగానే దాన్ని చూశాడు. తెల్లసున్నం వేసిన మామూలు రాయి. పోయిన ఎండాకాలంలో తండ్రి శవాన్ని ఇక్కడినుంచే ఎత్తుకొచ్చారు. ఈ ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు దీని పక్కనుంచి పరిగెత్తాడో లెక్కలేదు. ప్రతిసారీ గుర్రంతో పాటు, గుర్రం కోసం, ఇక్కడ నెమ్మదించాడు.

కొండల్ అంచు వదిలి నడిబాటకు ఎక్కాడు.

ఎత్తు మీద కాళ్లు సాగదీశాడు. వెనుక డెక్కల చప్పుడు కొంచెం తగ్గింది, ఇంకా తగ్గింది. దొర కేక వినబడింది. అతడు తిరగలేదు. ఛాతీలో ఊపిరి మండుతున్నది, అది బాగుంది, మండనీ అనుకున్నాడు. కేక మళ్లీ వినబడి, గాలిలో కలిసిపోయింది. ఎత్తు దాటాడు. డెక్కల చప్పుడు లేదు. తన అరికాళ్ల చప్పుడు తప్ప బాట మీద ఏమీ వినబడకపోవటం అతని జీవితంలో అదే మొదటిసారి.

గగన్‌పహాడ్ మొదటి ఇళ్ల దగ్గర ఆగి, బాటకు అడ్డంగా నిలబడ్డాడు. కొరడా దెబ్బ తినటానికి వీపు సిద్ధం చేసుకున్నాడు. ఈసారి చేత్తో పట్టుకుంటానని కూడా అనుకున్నాడు.

బగ్గీ వచ్చి ఆగింది. దొర పగలబడి నవ్వుతున్నాడు. "సాబాష్‌ర! గుర్రాన్నే ఎనకేసినవు!"

కొరడా అయితే పట్టుకునేవాడు. నవ్వును ఎట్లా పట్టుకోవాలి? అత్తాపూర్ చేరేదాకా కొండల్‌కు అదే ఆలోచన. అత్తాపూర్‌లో దొర దోస్తు తోటబంగళా ముందు అతన్ని రెండుసార్లు గుండ్రంగా పరిగెత్తించారు. ఆ దోస్తు దగ్గరికి వచ్చి, ఎద్దును బేరం చేసేటప్పుడు చూసినట్టు, పిక్కలు ఒత్తి చూశాడు. ఎక్కడ దొరికిండు మీకు వీడు, అని అడిగాడు. దొర మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తిరగబడ్డాననుకున్న పరుగు కూడా వాళ్ల ఇంటి సొమ్మే అయింది.

వాళ్లు లోపల భోజనానికి కూర్చున్నారు. చెన్నయ్య గుర్రానికి నీళ్లు పెట్టటానికి తోట బావి దగ్గర చేదతో తోడాడు. మొదటి చేద గుర్రం తొట్టిలో పోయకుండా కొండల్‌ను పిలిచాడు. కొండల్ దోసిలి పట్టాడు. చెన్నయ్య పైనుంచి పోశాడు. సగం తాగాడో లేదో, చెన్నయ్య అన్నాడు.

"మీ బాపు నీళ్లడిగిండుర."

కొండల్ దోసిలి అట్లాగే ఉంది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి పోతున్నాయి.

"పదకొండో రాయి కాడ. ఎన్నడు ఆగని మనిషి, ఆగి ఎనక్కి మర్లి చెయ్యి జూపిండు. నేను కళ్లెం గుంజిన. దొర తోలుమన్నడు. తోలిన."

"మల్ల?"

"మల్ల ఇంకో యాభై అడుగులు ఉరికిండు. పడ్డడు. బండి పక్కకు దిప్పి పోయినం. మర్లి వచ్చేటప్పుడు చూస్తే పానం లేదు."

"కల్లు?"

"కల్లు లేదు, ఏం లేదు. పటేలు రాసుకొచ్చిండు. నా ఏలు పట్టి ముద్ర ఏపిచ్చిండు." చెన్నయ్య చేద తాడు చుట్టుకున్న బొటనవేలు వైపు చూశాడు. "ఏలు నాదే గద."

కొండల్ ముఖం తుడుచుకోలేదు. "ఎనిమిది నెలల సంది నా ఎనకనే కూసున్నవు గద కాకా."

"కూసున్న. నీ ఈపు జూసుకుంటనే తోలిన. పన్నెండేండ్లు ఆయన ఈపు జూసిన, ఇగ నీది. ఇయ్యాల నువ్వు ఆ రాయి కాడ ఎనక్కి చూడకుండ పోతుంటే నాకు చాతగాలే. చెప్పిన."

కొండల్ చేద లాక్కుని మిగిలిన నీళ్లు నేలమీద పోశాడు. మళ్లీ బావిలో వేసి తానే తోడుకుని తాగాడు. తిరుగుదారి ఎనిమిది మైళ్లూ కొండల్ అంచున, రెండు వెదురుబొంగుల దూరంలో, తప్పకుండా పరిగెత్తాడు.

ఇంటికి వచ్చి అవ్వకు ఏమీ చెప్పలేదు. ఆమె కాచి ఉంచిన ఆముదం మడమలకు రాసుకుని, జొన్న గటక తిని, పంతులుతో స్టేషనుకు పోయాడు. రైలులో పంతులుకు మాత్రం చెప్పాడు.

శుక్రవారం ఉదయం పట్నం మైదానంలో యాభై మందికి పైగా ఉన్నారు. పోలీసులు, పటాలం సిపాయిలు, గుడ్డబూట్ల కాలేజీ విద్యార్థులు. బూట్లు లేనివాళ్లు నలుగురు. బల్ల దగ్గర గుడ్డ నంబర్లు ఇస్తున్నారు. జాబితా ఉర్దూలో ఉంది. పదిహేడో వరుసలో ఎర్రసిరా గీత ఒకటి, దాని మీద కొత్త రాత. పంతులు అది చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొండల్‌కు చదివి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

పంతులు ఆ బల్ల దగ్గరి మనిషిని అడిగాడు. బతిమాలాడు కూడా. ఆ ప్రాంతం దొర స్వయంగా రాశాడు, మాకేం పోయింది, పరిగెత్తేవాడికి పేరుతో ఏం పని, అన్నాడతను. అందరినీ పరుగు మొదలయ్యే గీత దగ్గరికి పిలిచారు.

తుపాకీ పేలింది. మొదటి మైళ్లలో కాలేజీ విద్యార్థులు దూకుకుంటూ పోయారు. నిన్నటి పదహారు మైళ్లు కొండల్ పిక్కల్లో రాళ్లలా ఉన్నాయి. అత్తాపూర్ దాటాక అవి కరగటం మొదలుపెట్టాయి. ఒక్కొక్క గుడ్డబూటు వెనకబడింది. నడిబాటన పోతున్నాడు. అందుకు ఇప్పుడు ప్రయత్నం అక్కరలేకపోయింది, కోపమే మోసుకుపోతున్నది. గగన్‌పహాడ్‌లో నాలుగోవాడు. ఆ ఎత్తు దిగి పదకొండో రాయి దాటేసరికి మూడోవాడు. ముందున్న ఇద్దరూ సిపాయిలు. వాళ్ల ఊపిరి చప్పుడు వినగలిగేంత దగ్గర. పట్టుకోగలనని అతనికి తెలుసు. బహుశా గెలవగలడు కూడా.

శంషాబాద్‌లో బాటకు ఒక పక్క డేరా, కుర్చీలు, తోరణాలు. రెండో పక్క, దూరంగా, గూడెం మనుషులు. రేణుకమ్మ ముందు వరసలో నిలబడి ఉంది. నడుమ బల్ల వేసి, మైదానంనుంచి జాబితా మోటారులో తెచ్చుకున్న కళ్లద్దాల ముసలి రాతగాడు, ముహరిర్ ఒకాయన, వచ్చినవాడి నంబరూ వేళా రాసుకుంటున్నాడు. పక్కన, పేర్లు పిలవటానికి రేకు బాకా పట్టుకున్న మనిషి. ఇద్దరు సిపాయిలూ నంబర్లు చెప్పి మలుపు తిరిగారు. వాళ్ల పేర్లూ, తండ్రుల పేర్లూ బాకాలో మోగాయి.

తరువాత బాకా, పదిహేడో నంబరు, ఫలానా దొరగారి మనిషి కొండల్, అన్నది.

డేరాలో చప్పట్లు కొట్టారు. దొర పూలదండతో లేచాడు. అవతల రేణుకమ్మ ఇంకా వింటూనే ఉంది, మిగిలిన మాట వస్తుందని.

కొండల్ బల్ల దగ్గర ఆగాడు.

"పో, పో. రాసుకున్న," అన్నాడు ముహరిర్.

"తప్పు రాసిండ్రు సాబ్. కొండల్ వల్ద్ ఐలయ్య. గట్ల రాసి, గట్ల పిలువుండ్రి."

ముహరిర్ జాబితా చూశాడు, ఎర్రగీత చూశాడు, డేరా వైపు చూశాడు. నాలుగోవాడు వచ్చి నంబరు చెప్పి తిరిగిపోయాడు. దొర దండ పట్టుకునే రెండడుగులు ముందుకు వచ్చాడు.

"ఏందిర ఆగినవు? ఉరుకు."

కొండల్ నిలబడ్డాడు.

"ఉరుకుమంటున్న గద."

ఐదోవాడు పోయాడు. ఆరోవాడు పోయాడు. ఉరుకు అన్న మాట వినగానే కదలటం తప్ప ఆ కాళ్లకు ఇంకో పని తెలియదు. అతని తండ్రి ఆ మాటకు చచ్చేదాకా కదిలాడు. కొండల్ బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు నేలలో దింపినట్టు నిలబడ్డాడు. దొర మూడోసారి అన్నాడు. ఈసారి డేరాలో అందరికీ వినబడింది, వాడు కదలలేదన్నది కూడా అందరికీ కనబడింది. గెలిచే పందెం కళ్లముందు పోతున్నది. ఏడోవాడు, ఎనిమిదోవాడు.

ముహరిర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన పట్నం మనిషి, ముసలివాడు, ఈ దొరతో ఆయనకు పనిలేదు. కానీ కాగితానికి ఒక పద్ధతి ఉంది.

"జాబితా మార్చాలంటే గవాహి కావాలె. నీ తండ్రి పేరు అదేనని చెప్పెటోళ్లెవరు?"

గూడెం వైపునుంచి ఒక్క మాట రాలేదు. చెప్పాలని లేక కాదు. దొర ముందు నోరు విప్పటం వాళ్లలో ఎవరూ ఎన్నడూ చేయలేదు. రేణుకమ్మ బాట దాటటానికి ఒక అడుగు వేసింది.

అంతలో డేరా వెనుకనుంచి చెన్నయ్య వచ్చాడు. చేతిలో గుర్రం పగ్గం అట్లాగే ఉంది, గుర్రం కూడా వెంట వచ్చింది. దొర వైపు చూడలేదు. ముహరిర్‌తోనే మాట్లాడాడు, బావి దగ్గర మాట్లాడినంత మెల్లగా.

"ఐలయ్యనే సాబ్. పన్నెండేండ్లు నా బండి ముంగట ఉరికిండు. తాగెటోడు గాదు. ఆ దినం నీళ్లడిగితే మేము ఇయ్యలే. తాగి సచ్చిండని ఏలిముద్ర ఏసింది నేనే. అది అబద్ధం."

దొర చేతిలో దండ అట్లాగే వేలాడుతున్నది. ముహరిర్ ఇదంతా రాసుకోవటానికి అక్కడ లేడు. ఆయన దగ్గర ఉన్నది పందెం జాబితా ఒక్కటే. కలం సిరాలో ముంచి, ఎర్రగీత మీది రాతను కొట్టేసి, పక్కన రాశాడు. రాసి, గవాహి చెప్పినవాడి పేరేందని అడిగి, దాన్ని కూడా అంచున రాసుకున్నాడు. తరువాత ఆ కాగితం బాకా మనిషి ముందు పెట్టాడు. బాకా మనిషి డేరా చూశాడు, ముసలాయన వేలు పెట్టిన చోటు చూశాడు.

"పదిహేడో నంబర్. కొండల్ వల్ద్ ఐలయ్య."

రేణుకమ్మ బాట నడుమ ఆగింది. చెన్నయ్య చెప్పిన మాటలు కూడా విన్నది. ఎనిమిది నెలలుగా తనకు తెలిసిందే, ఇంకొకరి నోట అది మొదటిసారి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె చెన్నయ్యను చూసింది. క్షమించినట్టు చూడలేదు. చూసింది, అంతే.

కొండల్ బల్ల వదిలాడు. ఎవరూ ఉరుకు అనకముందే తిరిగి, పట్నం వైపు పరిగెత్తాడు.

అప్పటికి పదకొండుమంది అతన్ని దాటిపోయారు. అందులో ఆరుగురిని మళ్లీ పట్టుకున్నాడు. ఎనిమిదోవాడిగా మైదానం చేరాడు. ఎనిమిదోవాడికి ఏమీ ఇవ్వరు. తిరిగి తెచ్చిన జాబితా మాత్రం పలకకు అంటించారు. పంతులు దాన్ని వేలు పెట్టి రెండుసార్లు చదివి వినిపించాడు.

ఆ సాయంత్రమే చెన్నయ్యను గడినుంచి వెళ్లగొట్టారు. శనివారం పొద్దున రామచంద్రయ్య గూడేనికి వచ్చి బగ్గీ సిద్ధంగా ఉందన్నాడు. కొండల్ రానన్నాడు. దానికి అతడు పడ్డ దెబ్బలు పడ్డాడు, ఆ దెబ్బల తరువాత కూడా పోలేదు. పంచనామా మాత్రం మారలేదు. పటేలు దాన్ని మార్చనన్నాడు, పై అధికారి చూడనన్నాడు. అందులో ఆ మనిషి ఇంకా తాగి పడే ఉన్నాడు.

అందుకని ఇది చదివినవారిని అడగవలసి వస్తున్నది. మీరు పట్నంనుంచి శంషాబాద్ బాటన ఎప్పుడైనా పోతే, గగన్‌పహాడ్ దాటిన తరువాత బాట వాలే చోటును చూడండి. అక్కడ ఒక మనిషి ఎండలో ఆగి, వెనక్కి తిరిగి, నీళ్లు అడిగాడు. ఇవ్వలేదు. అతడు తాగి చనిపోలేదు. అతని పేరు ఐలయ్య. దయచేసి గుర్తుంచుకోండి.